కంచంలో వదిలిన ముద్ద

నలభై ఏళ్ళు ఊరందరినీ దూరం జరగమన్నవాణ్ణి నేను. తెల్లవారకముందే నూతి దగ్గర నాలుగు చేదలు దిమ్మరించుకుని, తడిపంచెతో గుడికి నడుస్తుంటే, ఎదురొచ్చినవాడు సర్పంచైనా సరే, మోతుబరైనా సరే, “మడి! దూరం!” అని ఒక్క కేక వేసేవాణ్ణి. జలంత్రకోటలో నరసింహమూర్తి గొంతు ఎరగని కుక్క లేదు. ఇప్పుడు అదే ఊరు నన్ను చూసి దూరం జరుగుతోంది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడని ఊరికే అన్నారా?

కరోనా పోయిందని లోకమంతా మాస్కులు పొయ్యిలో పెట్టేశాక నాకు వచ్చింది. మార్గశిరంలో హరిశ్చంద్రపురంలో ఒక పెళ్ళి చేయించాను. పెళ్ళికొడుకు మేనమామ నా పక్కనే కూర్చుని ముహూర్తం అయ్యేదాకా దగ్గుతూనే ఉన్నాడు. హోమం పొగ అనుకున్నాను. మూడో రోజుకి నాకూ దగ్గు పట్టుకుంది. అదీ పొగే అనుకున్నాను. ఆ దగ్గుతోనే కంచిలి వెళ్ళి సత్యనారాయణ వ్రతం చేయించి, ముప్ఫై మంది చేతుల్లో తీర్థం పోశాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. తర్వాత ఫోన్ చేసి నిజం చెప్పాను. ఇద్దరికి జ్వరం వచ్చి తగ్గిందట. మర్యాదస్థులు, నన్ను పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఆరో రోజు గుళ్ళో మంత్రపుష్పం మధ్యలో ఊపిరి అందక గడప మీద కూలబడ్డాను. మా అన్నగారి అబ్బాయి ఫణిశంకర్ టెక్కలిలో ఉంటాడు. వాడే కారు తెచ్చి ఆసుపత్రిలో చేర్చాడు. ఏడు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాను. ఎనిమిదో రోజున డాక్టరు గండం గడిచిందని చెప్పి, ఇంటికి పంపే కాగితం రాస్తూ, “ఇంట్లో ఎవరెవరు ఉంటారు?” అని అడిగాడు.

“నా భార్య ఒక్కతే. పిల్లలు లేరు. ఆమె ఆరేళ్ళుగా డయాలసిస్ మీద ఉంది. ఇంతవరకూ ఆమెకి అంటలేదు,” అన్నాను.

డాక్టరు కలం ఆపేశాడు. మా ఉద్దానం సంగతి ఆయనకి కొత్త కాదు. మా వీధిలోనే కిడ్నీలు పోయినవాళ్ళు నలుగురున్నారు. “అయితే ఇంకో పది రోజులు మీ గాలి ఆవిడకి తగలకూడదు. వేరే గది, వేరే సబ్బు, వేరే కంచం. మిమ్మల్ని వెనక్కి తెచ్చాం. ఆవిడకి వస్తే తేగలమని నేను చెప్పలేను,” అన్నాడు.

గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. బుధవారం ఇంటికి రాగానే సుందరితో, గుమ్మం బయటి నుంచే, “నువ్వు పది రోజులు ఫణి దగ్గరికి టెక్కలి పో,” అన్నాను. పెళ్ళినాడు ఆమె పేరు బాలాత్రిపురసుందరి. అంత పేరు పిలిచే ఓపిక లేక మొదటి నెలలోనే సుందరిని చేశాను. “నేను పోతే మీకు పథ్యం ఎవరు వండుతారండీ?” అంది. నేను మళ్ళీ గట్టిగా చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. నిజం చెప్పాలంటే, ఏడు రోజులు మొహాలు కనపడని మనుషుల మధ్య పడుకుని వచ్చాక, పక్క గదిలో ఆమె గాజుల చప్పుడైనా ఉండాలనిపించింది.

వీధి గదిలో చేరాను. ఎప్పుడైనా కార్యాలకి వచ్చే పురోహితులు దిగుతారని ఆ గదికి ఒక బాత్రూము కట్టించాను, అది పనికొచ్చింది. వీధి వైపు కిటికీ తీసే ఉంచాను. హాల్లోకి ఉన్న తలుపు మూసే ఉంచాను. తలుపు అవతల ఒక స్టూలు. సుందరి రెండు మాస్కులు కట్టుకుని వచ్చి దాని మీద కంచం పెట్టి, తలుపు తట్టి, వంటింటి దాకా వెనక్కి పోయేది. అప్పుడు నేను తలుపు తీసి కంచం అందుకోవాలి. తినేశాక ఖాళీ కంచం స్టూలు మీద పెట్టి తలుపు వేసుకోవాలి. దాని మీద సలసల కాగే నీళ్ళు పోసి, సబ్బు వేసి, ఆ తర్వాతే పెరట్లో తోమడానికి వేస్తానని మాటిచ్చింది. నేనే కడుక్కుంటానంటే ఒప్పుకోలేదు. బాత్రూము దాకా నడిస్తేనే నా గుండె రోకలిలా కొట్టుకునేది కాబట్టి నేనూ పెద్దగా పట్టుబట్టలేదు.

చూడవచ్చినవాళ్ళు ఎదుటి కరెంటు స్తంభం దగ్గరే ఆగిపోయేవారు. “ఎలగుందండీ పంతులుగారూ?” అని అక్కణ్ణుంచి అరిచేవారు. జవాబు అరవడానికి నా దగ్గర ఊపిరి లేదు. చెయ్యి ఊపితే, పొమ్మంటున్నాననుకుని వెళ్ళిపోయేవారు. వాళ్ళని తప్పుపట్టను. దూరం నేర్పిన గురువుని నేనే కదా.

నా బదులు అర్చనకి ఫణిశంకర్ టెక్కలి నుంచి చీకటితోనే బండి మీద వచ్చేవాడు, గుడి మైకులో పొద్దున్నే వాడి గొంతు వినిపించేది. స్వరాలు తప్పుతున్నాడు. దిద్దుదామని నోరు తెరిస్తే పిల్లి కూతలాంటిది ఏదో వచ్చి దగ్గుగా మారిపోయేది. ఆసుపత్రివాళ్ళు ఒక మూడు బంతుల డబ్బా ఇచ్చారు. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి పీలిస్తే బంతులు పైకి లేవాలి. మొదటి బంతి సగం దాకా లేచి, నా మొహం చూసి జాలిపడి కింద కూర్చునేది. మిగతా రెండూ కదిలేవి కావు. ఒకప్పుడు ఒక్క గుక్కలో నమకం సగం లాగినవాణ్ణి, ఆ ప్లాస్టిక్ బంతి ముందు ఓడిపోయి గోడకి తిరిగి పడుకునేవాణ్ణి.

వాసన లేదు, రుచి లేదు. వంటింట్లో పోపు పడితే చప్పుడు వినిపించేది గాని ఘాటు వచ్చేది కాదు. నాలుకకి తగులుతుందేమోనని సుందరి పెరుగన్నం పక్కన ఆవకాయ బద్ద వేసేది. మట్టి నమిలినట్టే ఉండేది.

శుక్రవారం ఆమె డయాలసిస్‌కి వెళ్ళింది. మంగళవారం, శుక్రవారం పలాస వెళ్ళాలి. ఆరేళ్ళుగా నేనే తోడు వెళ్ళి, బయట బల్ల మీద కూర్చునేవాణ్ణి. ఆ రోజు వైకుంఠరావు ఆటోలో ఆమె ఒక్కతే ఎక్కింది. “అమ్మగారూ, ఎనక్కి జారబడి కూకోండి, గతుకులున్నాయి,” అని వాడంటుంటే కిటికీలోంచి విన్నాను. “వెళ్ళొస్తానండీ,” అని ఆమె వీధిలోంచి అరిచింది. నేను చెయ్యి ఊపాను. సాయంత్రం దాకా ఆ ఇంట్లో గోడగడియారం, నేను. ఇంత నిశ్శబ్దంగా ఉండే ఇంట్లో నేను కాపురం చేశానా అనిపించింది. కార్యాలని, పెళ్ళిళ్ళని నేను ఊళ్ళు తిరుగుతున్నప్పుడు ఆమె వినే చప్పుడు ఇదే కాబోలు.

ఆదివారం పొద్దున్న ధనమ్మ కిటికీ దగ్గరకి వచ్చింది. వీధి చివర ఇల్లు. మిగతా రోజులు జీడిపిక్కల బట్టీలో పని, చేతులు జీడి నూనెకి నల్లగా కమిలిపోయి ఉంటాయి. రోజూ చీకటితోనే వచ్చి మా గిన్నెలు తోమి వెళ్తుంది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, నాలుగడుగుల దూరంలో నిలబడింది.

“పంతులుగారూ, ఓ మాట సెప్తాను, కోప్పడకండి.”

చెప్పమని చెయ్యి ఊపాను.

“ఏరే కంచం అన్నారు గదా, ఇప్పుడు రెండు కంచాలు కదేటి తోముడుకి రావాల? బుధారం నుంచి ఎప్పట్నాగే ఒక్కటే వత్తంది. ఏటబ్బా అని రాత్రి వంటింటికాడ తొంగి సూసినాను. అమ్మగారు మీరు తిన్న కంచంలోనే వడ్డించుకుని తింతన్నారు. కడక్కుండా.”

మంచం మీంచి లేచి నిలబడ్డాను.

తెలియనివాళ్ళకి ఇది చెప్పాలి. మా ఇళ్ళలో భర్త తిని లేచిన కంచంలోనే భార్య వడ్డించుకుని తినడం పాత ఆచారం. చాలామంది ఎప్పుడో మానేశారు. సుందరి మానలేదు. వాళ్ళమ్మ నేర్పింది, మా అమ్మ మెచ్చుకుంది, నేను గర్వపడ్డాను. అందుకోసం నేను కంచం ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేయను. చివర్లో ఒక్క ముద్ద పెరుగన్నం ఓ పక్కకి నెట్టి, చెయ్యి కడుక్కుంటాను. అది ఆమెది. పెళ్ళయిన ముప్ఫై ఒక్క ఏళ్ళుగా, ఇంట్లో తిన్న ఒక్క పూటా తప్పలేదు.

తలుపు దగ్గరికి వెళ్ళి అరచేత్తో బాదాను. వంటింట్లోంచి అడుగుల చప్పుడు వచ్చి తలుపుకి అవతల దూరంగా ఆగింది.

“నా కంచంలో... తింటున్నావా?”

అవతల గాజులు కదిలాయి.

“బుద్ధి... ఉందా నీకు? డాక్టరు... ఏం చెప్పాడు?” తిట్టడానికి కూడా ఊపిరి కావాలని అప్పుడే తెలిసింది. మూడు మాటలకోసారి ఆగి రొప్పుతుంటే కోపం కోపంలా లేదు, అడుక్కుంటున్నట్టు ఉంది. “చచ్చిపోతావే... సుందరీ.”

“మరి ముద్ద ఎందుకు వదిలారు?” అంది ఆమె, నెమ్మదిగా.

వదిలాను. బుధవారం వదిలాను, గురువారం వదిలాను, నిన్న రాత్రి కూడా వదిలాను. డాక్టరు మాట చెవిలో మోగుతూనే ఉంది, చెయ్యి మాత్రం దాని పని అది చేసుకుపోయింది. ఆ జబ్బు ముద్దని నేనే చక్కగా ఓ పక్కకి తీసి, ఆమెకి పెట్టి పంపాను.

“అలవాటు... చూసుకోలేదు,” అన్నాను.

“నాదీ అలవాటేనండీ. వదలకపోతే తినేదాన్ని కాదు. మీరూ నేనూ ఏనాడైనా ఎదురెదురుగా కూర్చుని తిన్నామా? మీరు మడి కట్టుకుని ముందు తినేవారు. నేను తర్వాత. మీ కంచం ముందు కూర్చుంటే పీట ఇంకా వెచ్చగా ఉండేది. మీరు ఇప్పుడే లేచి వెళ్ళినట్టు ఉండేది. అదే నాకు మీతో కలిసి తినడం. ఇప్పుడు ఆ పీట కూడా లేదు. కంచం ఒక్కటే ఉంది. అందుకని తిన్నాను.”

ఆమె ఏడవలేదు. నేనే తలుపుకి చేరబడి నేల మీద కూర్చున్నాను. ఊళ్ళో వందల పెళ్ళిళ్ళు చేయించి, వందల జంటలకి సప్తపది అర్థం చెప్పాను. చెప్పేవి శ్రీరంగ నీతులు.

ఆ మధ్యాహ్నం కంచంలో మెతుకు మిగల్చకుండా తిన్నాను. కంచాన్ని బాత్రూములోకి పట్టుకెళ్ళి, సబ్బుతో నేనే కడిగాను. అదయ్యేసరికి ఆయాసం వచ్చి, అక్కడే గచ్చు మీద పావుగంట కూలబడ్డాను. కంచం తిరిగి ఇవ్వలేదు, నా గదిలోనే పెట్టుకున్నాను. గండం తప్పించాననుకున్నాను.

సాయంత్రం ధనమ్మ మళ్ళీ కిటికీకి వచ్చింది. “అమ్మగారు పొద్దుట్నుంచి ఏటీ తిన్నేదండి. ఒట్టి కడుపుతోటే మాత్తర్లు ఏసుకున్నారు. ఆకలి నేదంతన్నారు. ఎల్లుండి మళ్ళీ మిసను మీద పడుకోవాల గదా, ఆ ఒంట్లో ఏటుందండి?”

కోపం వచ్చింది. భయం వేసింది. ఇంత మొండిదేమిటి అనుకున్నాను. ఇంత ఒంటరిదా అని కూడా అనుకున్నాను. ఆ రెండోది ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది.

చాలాసేపు ఆలోచించాను. జబ్బు నా దగ్గరుంది. నా కంచం ఆమె దగ్గరికి పోతే ప్రమాదం. ఆమె కంచం నా దగ్గరికి వస్తే? ఏమీ లేదు. దారి ఒకవైపే ఉంటే చాలు. మధ్యలో అడ్డం ఉన్నదల్లా నేను ఊరందరికీ చెప్పిన ఆచారం. ఆడదాని ఎంగిలి మగవాడు ముడితే ఏమవుతుందో ఎంతమందికి ఎన్ని రకాలుగా భయపెట్టి చెప్పానో నాకే లెక్క లేదు.

దీపాలు పెట్టే వేళ తలుపు తట్టాను.

“సుందరీ, ఇక నుంచి... ముందు నువ్వు తిను. పెరట్లో అరిటాకులు కోయించు. నీకొకటి, నాకొకటి. నీ ఆకులో... చివర ఒక ముద్ద వదులు. రెండు ఆకులూ స్టూలు మీద పెట్టు. ఆ ముద్ద నేను తింటాను.”



“నా ఎంగిలా? మీరా? పాపం వస్తుందండీ.”

“వస్తే రానీ. నా ఖాతాలో ఉన్నవాటితో... పాటు పడుంటుంది.”

నవ్విందో, ముక్కు ఎగబీల్చిందో తలుపు వెనకనుంచి తెలియలేదు. కానీ వంటింట్లో గిన్నె కదిలింది.

ఆ రాత్రి నుంచి ఆమె హాల్లో ఆ చివర గోడ దగ్గర పీట వేసుకుని తినేది. నేను తలుపు ఇవతల కూర్చుని వినేవాణ్ణి. గ్లాసు పెట్టిన చప్పుడు, ఆకు సవరించిన చప్పుడు. ఆకలేస్తుంటే ఇంకొకరు తినడం పూర్తయ్యేదాకా కూర్చోవడం నా జన్మలో అదే మొదలు. తర్వాత తలుపు చప్పుడయ్యేది. నా ఆకులో నా భోజనం, ఆమె ఆకులో ఒక పక్కగా చిన్న ముద్ద. రెండూ ఒకేలా ఉండేవి నాకు, మట్టి. తినేశాక ఆకులు మూత ఉన్న బకెట్లో వేసి, మర్నాడు నేనే ఆ గది వీధి తలుపులోంచి దిగి, కిటికీ అవతల గుంటలో కాల్చేవాణ్ణి. నా గదిలోంచి ఏదీ ఆమె వైపు పోలేదు.

పోవాల్సింది అంతకుముందే పోయిందేమోనన్న భయం మాత్రం పోలేదు. నాలుగు రోజులు, ఎనిమిది ముద్దలు. రోజూ తలుపుకి చెవి ఆనించి ఆమె దగ్గు కోసం వినేవాణ్ణి. సోమవారం సాయంత్రం బట్టీ నుంచి వచ్చి ధనమ్మ పెరట్లో కారం దంచుతుంటే సుందరి తుమ్మింది. ఆ ఒక్క తుమ్ముకి నా పై ప్రాణాలు పైనే పోయాయి. దేవుణ్ణి ఏ మంత్రంతో అడగాలో తోచలేదు. “దాన్ని వదిలెయ్యి,” అని మామూలు మాటల్లోనే అడిగాను.

సుందరి డయాలసిస్ దగ్గర నా జబ్బు సంగతి దాచలేదు. మంగళవారం ఆమెని విడిగా చివరి మంచం మీద పెట్టి, ముక్కులో పుల్ల పెట్టి చూశారట. మధ్యాహ్నం వైకుంఠరావు ఫోన్ చేశాడు.

“పంతులుగారూ, అమ్మగారికి ఏటీ నేదంట. అయితే మొన్న శనోరం దాకా మీ కంచంలో తిన్నారని సెప్పినారు కదేటి, శుక్కురారం ఇంకోపాలి సూస్తారంట. అప్పుడూ నేకపోతే బయ్యం నేదంట. ఏటీ అవదులెండి, అమ్మగారు గట్టి మనిసి.”

గట్టి మనిషే. ఆ సంగతి నాకంటే ఆటోవాడికి బాగా తెలుసు.

శుక్రవారం నా పదో రోజు. పొద్దున్న ఆరింటికి ఆటో వెళ్ళింది. వైకుంఠరావుకి ఫోన్ చేద్దామని పదిసార్లు తీసి పదిసార్లు పెట్టేశాను. విన్న తర్వాత వెనక్కి తీసుకోలేని మాట వినాల్సి వస్తే, కాస్త ఆలస్యంగానే విందామనిపించింది. బంతుల డబ్బా తీసి గాలి లాగాను. రెండో బంతి కూడా లేచింది. దాన్ని చూసి సంతోషించడానికి మనసు లేదు.

మూడు దాటాక ఆటో చప్పుడైంది. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. సుందరి నెమ్మదిగా దిగి, చేతికి కట్టిన గుడ్డని మరో చేత్తో పట్టుకుని, వీధిలోంచే అంది.

“లేదటండీ.”

“ఏం లేదు?”

“జబ్బు లేదట.”

వీధిలో జనం ఉన్నారు. కరెంటు స్తంభం దగ్గర ఎవరో ఆగి చూస్తున్నారు. అయినా ఏడ్చాను. పంచె చెంగు నోట్లో కుక్కుకుని పసిపిల్లాడిలా ఏడ్చాను.

పొద్దున్నే వండి వెళ్ళిందట. అలసటతోనే రెండాకులు వేసి, ఆ చివర కూర్చుని తింది. తలుపు చప్పుడైంది. నేను తలుపు తీసి ఆకుల మీద వంగగానే ఏదో ముక్కుకి తగిలింది. నమ్మలేక మళ్ళీ పీల్చాను. ఇంగువ. చారులో ఇంగువ!

ఆత్రంగా నా ఆకు ముందు కూర్చున్నాను. చారన్నం నోట్లో పెట్టుకుంటే చింతపండు పులుపు, మిరియం, ఉప్పు, ఒక్కొక్కటే వచ్చి నాలుక మీద కూర్చున్నాయి. వంకాయ కూర తిన్నాను. పెరుగన్నంలో ఆవకాయ కలుపుకుని తిన్నాను. బతికాననిపించింది. ఇన్నాళ్ళకి నిజంగా బతికానని.

ఆమె ఆకు దగ్గరికి జరుపుకున్నాను. అదే వంకాయ కూరతో కలిపిన ముద్ద. నోట్లో పెట్టుకున్నాను. ఏమీ లేదు. వచ్చిన రుచి మళ్ళీ పోయిందేమోనని కంగారుపడి, నా ఆకులో కూర నాలుక్కి రాసుకున్నాను. ఉప్పుగా, కమ్మగా ఉంది. మళ్ళీ ఆమె ముద్దలోది కాస్త తిన్నాను. ఉడకబెట్టి నీళ్ళు వంపేసిన గుడ్డముక్కలా ఉంది. అప్పుడు అర్థమైంది. నా నాలుక బాగానే ఉంది. ఆమె అన్నమే అలా ఉంది.

ఉప్పు ఆమెకి విషమని డాక్టరు చెప్పిన రోజున పక్కనే ఉన్నాను. ఆనాటి నుంచి ఆమె గిన్నె మూత తీసి మరీ కాపలా కాశాను, “ఉప్పు ముట్టలేదు కదా?” అని రోజూ గద్దించాను. ఆరేళ్ళలో ఒక్కసారి నోట్లో పెట్టుకుని చూడలేదు.

“సుందరీ.”

“ఏవండీ?”

“రుచి వచ్చింది.”

“నిజంగానా! చారులో ఉప్పు సరిపోయిందా?” ఆమె గొంతులో అంత సంతోషం విని ఎన్నేళ్ళయిందో.

“సరిపోయింది. నువ్వు... ఆరేళ్ళుగా తింటున్నది ఇదేనా?”

ఆమెకి అర్థమైంది. “అలవాటైపోయిందండీ,” అంది. తర్వాత, తప్పు ఒప్పుకుంటున్నట్టుగా, “మీరు వదిలే ముద్దకి కాస్త ఆవకాయ అంటి ఉండేది. పూటకి అంతే కదా అని తినేదాన్ని. కోప్పడకండి,” అంది.

కోప్పడే ఊపిరి ఇప్పుడు వచ్చింది. కోపమే లేదు.

“రేపు తలుపు తీయొచ్చు. హాల్లో ఎదురెదురుగా రెండాకులు వెయ్యి,” అన్నాను.

“ముందు ఎవరండీ?”

“ఇద్దరం ఒకేసారి.”

తలుపు అవతల పీట జరిగిన చప్పుడైంది.

“మరి ముద్ద ఎవరు వదులుతారండీ?” అంది.

ఆమె ఆకులో మిగిలిన చప్పిడి ముద్దని మెతుకు వదలకుండా తిన్నాను.